కూలే విమానాలూ, సిటీవెస్ట్ ఫ్లాటూ

"మీకు మనుషులు చావడం ఇష్టమా, బతకడం ఇష్టమా?"

పెళ్ళయిన రెండో నెలలో ఉజ్వల తేజేశ్వర్‌ని అడిగిన ప్రశ్న ఇది. అప్పుడు టీవీలో ఒక విమానం రెక్క అంటుకుని మండుతోంది. లోపల ఒక ముసలాయన భార్య చేయి పట్టుకుని ఏదో ప్రార్థన చదువుతున్నాడు. తేజేశ్వర్ తెర మీంచి చూపు తిప్పలేదు.

"విమానం దిగడం ఇష్టం," అన్నాడు.

ఉజ్వల ఆ జవాబుని పుట్టింట్లో చెప్పి నవ్వించింది. అతను నవ్వులాటకి చెప్పలేదు.

తేజేశ్వర్‌ది ఒంగోలు. ఏడో క్లాసులో ఉండగా బస్టాండు వెనక వీడియో పార్లర్‌లో మొదటిసారి అలాంటి సినిమా చూశాడు. అమెరికా వాళ్ళు డెబ్భైలలో వరసపెట్టి తీసిన రకం. పార్లర్‌లో ఇంగ్లీషు వచ్చినవాడు ఒక్కడూ లేడు. మిగతా ఇంగ్లీషు సినిమాల్లో ఎవడు దొంగో ఎవడు పోలీసో తేలేసరికి టేపు అయిపోయేది. ఇందులో ఆ బాధ లేదు. విమానం లేచింది, ఏదో చెడింది, దిగాలి. భాష రాని కుర్రాడికి పూర్తిగా అర్థమైన మొదటి ఇంగ్లీషు కథ అది. దాన్ని అతను జీవితాంతం వదల్లేదు.

ఇలాంటి ఇష్టాలకి పెద్ద పెద్ద కారణాలు చెప్పేవాళ్ళుంటారు. మృత్యుభయాన్ని కుర్చీలో కూర్చుని జయించడం అనీ, యంత్రయుగపు గర్వభంగం అనీ. సెమినార్లలో చెప్పుకోవడానికి బావుంటాయి. తేజేశ్వర్‌కి నచ్చింది మొదటి అరగంట. ఇంకా ఏమీ జరగని అరగంట. ఒక్కొక్కళ్ళే మెట్లెక్కి వచ్చి సీట్లలో కూర్చుంటారు. విడాకులకి వెళ్తున్న ఆవిడ, తాగుబోతు డాక్టరు, గుండెజబ్బు పెద్దమనిషి, ఉద్యోగం ఊడినా ఇంట్లో చెప్పని సేల్స్‌మన్. అందరికీ పేరుంటుంది, గొడవుంటుంది. ఆ తర్వాత ఇంజను పేలగానే కింద లోకమంతా పనులు మానేసి వీళ్ళ కోసం పరిగెత్తుతుంది. టవర్లో ఒకడు చొక్కా చేతులు మడుస్తాడు. టికెట్టుకి డబ్బెవరు కట్టారు, తప్పెవరిది అని ఒక్కడూ అడగడు. ముందు దింపండి అంటాడు. ఎక్కడా అలా జరగదని తేజేశ్వర్‌కి తెలుసు. తెలిసే చూసేవాడు.

ఐర్లండ్‌కి వచ్చి పద్నాలుగేళ్ళు. డబ్లిన్‌లో లెపర్డ్స్‌టౌన్ దగ్గర విమానాలు అద్దెకిచ్చే ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. విమానానికీ ఫ్లాటుకీ తేడా లేదని అతని అభిప్రాయం. రెండూ ఎవరివో, వాడుకునేది ఇంకెవరో. ఒప్పందం అయిపోగానే ఇచ్చినట్టే తిరిగి ఇవ్వాలి, సీటు చిరిగితే డిపాజిట్లో కోస్తారు.

కాపురం అదే ఊరి శివారు సిటీవెస్ట్‌లో, ట్రామ్ స్టాపుకి దగ్గర్లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. ఆ ఫ్లాటు గురించి ఒక సంగతి ముందే తెలియాలి. తొమ్మిదేళ్ళ కిందటి అద్దె, పదిహేను వందల యూరోలు. ఉంటున్నవాళ్ళకి అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచకూడదని అక్కడ చట్టం. కాబట్టి చుట్టుపక్కల అదే సైజు ఫ్లాటు రెండువేల నాలుగొందలకి చేరినా, వీళ్ళది పెద్దగా కదల్లేదు. కానీ ఒకసారి బయటికి నడిస్తే ఆ అద్దె మళ్ళీ ఈ జన్మలో దొరకదు. తేజేశ్వర్‌కి యాభై దగ్గర పడుతోంది. సొంతిల్లు కొనే ఊసు ఎప్పుడో వదిలేశాడు. కూతురు ఆశ్రిత బడి నడిచి వెళ్ళే దూరంలో ఉంది. ఆ కుటుంబం ఐర్లండ్‌లో నిలబడింది ఉద్యోగం మీద కాదు, ఆ అద్దె మీద.

అదే కాంప్లెక్సులో పై అంతస్తులో జయకర్ ఉండేవాడు. తెనాలి మనిషి, యాభై ఎనిమిదేళ్ళు, ఒంటరివాడు, కాంట్రాక్టు ఉద్యోగాలు. తేజేశ్వర్‌కి అన్న వరస కలుపుకున్నాడు. ప్రతి శనివారం సాయంత్రం డిస్కు పట్టుకుని కిందికి దిగేవాడు. తేజేశ్వర్‌కి మొదటి భాగాలంటే ప్రాణం. జయకర్‌కి రెండో భాగం, మూడో భాగం, వాటి తర్వాత వచ్చిన మరీ నాసిరకం భాగాలూ.

"అన్నా, ఇది చెత్త. విమానం బొమ్మకి దారం కనపడతా ఉంది."

"కనపడనీరా. మొదటిదాంట్లో అంత ఘోరం జరిగింది కదా, ఎవడైనా ఏమన్నా నేర్చుకున్నాడా? లేదు. అదే కంపెనీ, అదే పిసినారి ఓనరు, ఇంకా పెద్ద ఇమానం. నీ మొదటి భాగం కథ తేజా. రెండో భాగం నిజం."

"మరి మూడో భాగం?"

"మూడోది మన లైఫు. బడ్జెట్ అయిపోయినాక తీసేది."

వంటింట్లోంచి ఉజ్వల అనేది, "అన్నయ్యగారూ, ఈసారి ఎంతమంది పోతున్నారు?"

"నలుగురేనమ్మా. అందులో ఒకడు పోవాల్సినోడే. పకోడీలు అయినయ్యా?"

ఇంటర్వెల్ లేని సినిమా సినిమా కాదని జయకర్ పట్టు. సరిగ్గా విమానం సగం చెడినచోట ఆపించి టీ తాగేవాడు.

మే నెలలో ఒక శనివారం అలాగే ఆపారు. ఆ కాలంలో అక్కడ రాత్రి భోజనాల వేళకి కూడా ఎండ పోదు. కిటికీలోంచి వెలుగు నేరుగా తెర మీద పడుతోంటే తేజేశ్వర్ లేచి కర్టెన్ లాగాడు. వెనకనుంచి జయకర్, "తేజా, ఇప్పుడు చూడు, ఆ కుర్ర పైలట్..." అన్నాడు. ఆ వాక్యం పూర్తికాలేదు. తేజేశ్వర్ వెనక్కి తిరిగేసరికి జయకర్ చేతిలో టీ కప్పు ఒరిగి, టీ అంతా చొక్కా మీదుగా కారుతోంది. కాలుతోందని కూడా ఆ మనిషికి తెలియడం లేదు.

ఆంబులెన్స్ తొందరగానే వచ్చింది. వచ్చినవాళ్ళు ఇద్దరూ చేయగలిగిందంతా చేశారు. సోఫా పక్కన కార్పెట్ మీద పడుకోబెట్టి, చొక్కా కత్తిరించి, చెమటలు కారేదాకా ఛాతీ నొక్కారు. తెర మీద పైలట్ నోరు తెరిచి ఆగిపోయి ఉన్నాడు. టీవీ ఆపాలని ఎవరికీ తోచలేదు. చివరికి వాళ్ళలో ఆడమనిషి లేచి, గడియారం చూసి, ఏడున్నర అని రాసుకుంది. ఇంట్లో హఠాత్తుగా ఎవరు పోయినా గార్డులు రావాలి, అక్కడి పోలీసులు. వాళ్ళూ వచ్చి, నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడిగి వెళ్ళారు. ఆశ్రిత తన గది గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"డాడ్, ఈజ్ హి గాన్?" అంది.

"ఆ అమ్మా."

తెనాలిలో ఉన్న జయకర్ తమ్ముడికి ఫోను చేశారు. అక్కడే కానిచ్చెయ్యండన్నా, మీకు పుణ్యం ఉంటది, అన్నాడు. డబ్లిన్‌లోనే దహనం చేశారు.

అది తర్వాత సంగతి. ఆ సాయంత్రం మనిషిని తీసుకెళ్ళాక ఉజ్వల హాల్లోకి అడుగు పెట్టలేకపోయింది. గోడకి ఆనుకుని నిలబడి, "ఏవండీ, ఒక నాలుగు రోజులు డ్రోహెడాలో అనురాధ వాళ్ళింట్లో ఉండొద్దాం. పిల్లకి కూడా మంచిది," అంది. అనురాధ ఆమె చిన్నాన్న కూతురు, డ్రోహెడా డబ్లిన్‌కి ఉత్తరాన యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. తేజేశ్వర్ సరేనన్నాడు. అంతటితో అయిపోవాల్సిన మాట.

అప్పుడు వెంకటేశ్వర రావు ఫోను చేశాడు. తెలుగు సంఘంలో పెద్ద. క్లౌడ్ ఆర్కిటెక్టుగా పెద్ద జీతం, ఇంట్లో పెద్ద పూజగది.

"ఎంత ఘోరం అయ్యా! ఎన్నింటికి?"

"ఏడున్నరకండీ."

"నక్షత్రం చూశారా?"

"ఎందుకండీ?"

"ఎందుకేంటయ్యా? ధనిష్ఠా పంచకంలో గానీ పోయాడేమో చూసుకోవద్దూ? ఆ అయిదు నక్షత్రాల్లో ఎందులో పోయినా ఆ ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి. నీకు ఆడపిల్లుంది. చూడు, చూడు, లైన్లో ఉంటా."

తేజేశ్వర్‌కి వీటి మీద నమ్మకం లేదు. నమ్మకం లేదు కాబట్టే ఒళ్ళు మండింది. ఒళ్ళు మండింది కాబట్టే, ఏమీ లేదని తేల్చి ఆ పెద్దమనిషి నోరు మూయిద్దామని చూశాడు. వంటింట్లో ప్రెస్ తలుపుకి, అంటే గిన్నెల అలమరాకి, విజయవాడ నుంచి తెప్పించుకున్న తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది. ఆ రోజు గడిలో చిన్న అక్షరాలు: రేవతి, రాత్రి పదీ నలభై ఎనిమిది వరకు. ఆ తర్వాత అశ్విని.

"రేవతి," అని పైకే చదివాడు.

ఫోను అవతల రావుగారు తన క్యాలెండర్ తిరగేసిన చప్పుడు వినిపించింది. "రేవతే. అయిదోది. నే చెప్పలా?"

గుమ్మంలో ఉజ్వల ఆ మాట వింది. నమ్మనివాడు, ఎప్పుడూ వెక్కిరించేవాడు, తన నోటితో చదివాడు. ఇక దాన్ని కాదనడానికి ఎవరు మిగిలారు?

డ్రోహెడా వెళ్ళాక తేజేశ్వర్ నాలుగు రోజులు వాదించాడు. అద్దె గురించి చెప్పాడు. బడి గురించి చెప్పాడు. ఉజ్వల ఏడవలేదు, అరవలేదు. "పిల్లకి జ్వరం వస్తే చాలు, నేను దాని గురించే ఆలోచిస్తా. తుమ్మినా ఆలోచిస్తా. ఆరు నెలలు అలా బతకమంటారా?" అంది. అయిదో రోజు అతను వాదన మానేశాడు. భయానికి ఆధారం అక్కర్లేదు, ఒక నక్షత్రం పేరు చాలు. ఆ పేరు తనే పైకి చదివాడు.

డ్రోహెడాలో అనురాధ వాళ్ళ ఇంట్లో ఒక చిన్న గది, మంచం పడితే తలుపు సగమే తెరుచుకునేది. ముగ్గురూ అందులో. ఊరికే ఉండలేరు కాబట్టి నెలకి ఆరొందలు ఇచ్చేవాడు. సిటీవెస్ట్ ఫ్లాటుకి పదిహేను వందలు అలాగే కట్టాలి, లేకపోతే అది చేజారుతుంది. ఇదివరకు కారులో అరగంటలో ఆఫీసు. ఇప్పుడు రైలు, ఆ తర్వాత లువాస్ ట్రాము, కలిపి పోనూ రానూ నాలుగు గంటలు. సెప్టెంబరులో ఆశ్రితని డ్రోహెడా బడిలో వేశారు. "ఇట్స్ గ్రాండ్, డాడ్," అంది. బావుందని దాని అర్థం కాదు, ఇక అడగొద్దని.

రెండు నెలలకే డబ్బుకి కటకట అయింది. ఫ్లాటుని ఎవరికైనా తాత్కాలికంగా ఇద్దామని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. రేవతి సంగతి అప్పటికే డబ్లిన్ తెలుగువాళ్ళందరికీ పాకింది. జీవితమంతా మేలైన కంపెనీల్లో డేటా సైన్సు చేస్తున్న వాళ్ళు, "వద్దులే బ్రో," అని రాశారు. చివరికి సమీర్ అని ఒక కుర్రాడు వచ్చాడు. వరంగల్, మాస్టర్స్ ముగుస్తోంది. వెంట ఒక స్నేహితుడు.

"జరిగింది తెలుసా నీకు?" అడిగాడు తేజేశ్వర్.

"తెలుసన్నా. మేం ఏడుగురం ఉన్న ఇంట్ల నుంచి వస్తున్నం. ఒక్క బాత్రూం. దయ్యం ఉంటే ఉండనియ్ అన్నా, అది స్నానం చెయ్యదు గద."

తేజేశ్వర్‌కి మే నెల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. తాళాలు ఇచ్చేశాడు. ఇంటి యజమానికి చెప్పాలన్న ఆలోచన వచ్చింది. చెబితే వద్దంటాడేమోనన్న ఆలోచన వెంటనే వచ్చి దాన్ని పక్కకి నెట్టింది.

ఆ రోజుల్లో రైల్లో ఫోనులో సినిమాలు పెట్టుకునేవాడు. మొదటి భాగాలు చూడబుద్ధి కాలేదు. జయకర్‌కి నచ్చే నాసిరకం వాటినే చూశాడు. పాతికేళ్ళ కిందట అందంగా ఉన్న హీరో పొట్టతో, రంగేసిన జుట్టుతో, మళ్ళీ అదే కాక్‌పిట్‌లో అవే మీటలు లాగుతూ కనిపించేవాడు. జనం వీటిని ఎందుకు చూస్తారో అప్పుడు తెలిసిందతనికి. మొదటి భాగంలో బతికి బయటపడ్డవాళ్ళు తర్వాత ఏమయ్యారని మొదటి భాగం చెప్పదు. రెండోది చెబుతుంది, వాళ్ళకి మళ్ళీ విమానం ఎక్కక తప్పలేదని. జయకర్ పోయినప్పుడు ఆపిన సినిమాని మాత్రం మళ్ళీ పెట్టలేదు.

ఎడ్వర్డ్, ఇంటి యజమాని, చలికాలం ముందు బాయిలర్ చూద్దామని సెప్టెంబరు మొదట్లో ఫ్లాటుకి వెళ్ళాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, రిటైరైన ప్లంబరు, ఆ ఒక్క ఫ్లాటే అతని పెన్షను. తలుపు తీసింది సమీర్. సాయంత్రానికి తేజేశ్వర్‌ని పిలిపించాడు.

"ఇల్లు నాది టెజ్. అందులో ఎవరు పడుకుంటున్నారో నాకు తెలియాలా, వద్దా?"

తేజేశ్వర్ ఇంగ్లీషులో చెప్పడానికి ప్రయత్నించాడు. మనిషి పోయాడు, మా ఆచారం, నక్షత్రం, ఆరు నెలలు. తను నమ్మనిదాన్ని నమ్మనివాడికి, నమ్ముతున్నట్టు నటిస్తూ వివరించడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఎడ్వర్డ్ అంతా విన్నాడు. "మా అమ్మ కూడా ఇంట్లోనే పోయింది. రెండు రోజులు ముందుగదిలో పెట్టుకున్నాం. ఊరంతా వచ్చారు, టీ తాగారు, శాండ్‌విచ్‌లు తిన్నారు, పాటలు కూడా పాడారు. తీసుకెళ్ళాక ఆ గదిలోనే కూర్చుని ఫుట్‌బాల్ చూశాం. నువ్వు నాకు ఆ రోజే ఫోను చేసి ఉంటే, ఆరు నెలలు నేనే ఏదో చూసేవాణ్ణి. చెప్పకుండా చేశావు."

"తప్పే. ఇప్పుడే వాళ్ళని పంపించేస్తాను. మేం వచ్చేస్తాం."

"ఆ నక్షత్రం ఒప్పుకుంటుందా మరి?"

ఎడ్వర్డ్ వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. తేజేశ్వర్ గుమ్మం బయటికి వచ్చి ఉజ్వలకి ఫోను చేశాడు. నవంబరు దాకా రానంది. "ఇన్నాళ్ళు పాటించి ఇప్పుడు తప్పితే ఇంకా చెడ్డది," అంది. ఎడ్వర్డ్ నోటీసు పంపాడు. యజమాని అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వకూడదని ఒప్పందంలో స్పష్టంగా ఉంది, వాదించడానికేమీ లేదు. అక్టోబరు మొదటి వారంలో తేజేశ్వర్ వెళ్ళి తాళాలు ఇచ్చేశాడు. సమీర్ వాళ్ళు మళ్ళీ ఆ ఏడుగురి ఇంటికే పోయారు. పోతూ, "సారీ అన్నా, ఆయన బెల్ కొడితే పిజ్జా అనుకున్న," అన్నాడు.

అక్టోబరు ఆఖరి ఆదివారం ఐర్లండ్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. తేజేశ్వర్ బృందానికి ఏటా అది గండం. ఆ సోమవారం ఒక రిపోర్టు వచ్చింది. హైదరాబాదులో అప్పగించిన ఒక విమానం, బయలుదేరకముందే దిగిపోయినట్టు నమోదయింది. ఇలాంటివి పదేళ్ళుగా చూస్తున్నాడు. ఎవడో రెండు ఊళ్ళ టైములని ఒకే గడియారం అనుకున్నాడు. నవ్వుకుంటూ సరిచేయబోయి, కీబోర్డు మీద చేతులు ఆగిపోయాయి.

సిటీవెస్ట్‌లో ఏడున్నర. విజయవాడలో అర్ధరాత్రి.

క్యాలెండర్ విజయవాడది. రేవతి పదీ నలభై ఎనిమిది వరకు, విజయవాడలో. ఆకాశం అంతటా ఒకటే, చంద్రుడు సిటీవెస్ట్ కోసం వేరే నక్షత్రంలో ఉండడు. జయకర్ పోయేసరికి అక్కడ రేవతి వెళ్ళి గంటపైనే అయింది. అశ్విని. ఏ దోషమూ లేని అశ్విని. పగలంతా ఏ గడియారాన్నీ నమ్మని వృత్తి తనది. ఇంటికొచ్చి, పసుపు మరకలున్న క్యాలెండర్ ముందు మాత్రం ఒంగోలులో నిలబడ్డట్టే నిలబడ్డాడు. రావుగారూ అంతే. ఇద్దరు ఇంజనీర్లు, రెండు క్యాలెండర్లు, ఒకటే తప్పు.

మెట్ల దగ్గరికి వెళ్ళి రావుగారికి ఫోను చేశాడు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అవునయ్యోయ్, నిజమే," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "పోనీలే, మంచిదేగా? దోషం లేదని తేలింది. పాటించినందుకు నష్టమేం లేదు."

తేజేశ్వర్ ఫోను పెట్టేశాడు. వెంటనే ఎడ్వర్డ్‌కి చేశాడు. ఫ్లాటుకి పెయింట్ వేయించి, రెండువేల నాలుగొందలకి ఒక బ్రెజిల్ జంటకి ఇచ్చేశాడట. "నాకేం సంతోషం కాదు టెజ్. పది రోజుల ముందు చేసినా లాభం లేకపోయేది," అన్నాడు.

డ్రోహెడా చేరేసరికి ఉజ్వల మంచం మీద బట్టలు మడతపెడుతోంది. తేజేశ్వర్ తలుపు సందులోంచి పక్కకి తిరిగి లోపలికొచ్చి, నిలబడే చెప్పాడు. నాలుగున్నర గంటల తేడా గురించి, అశ్విని గురించి. ఆమె మడత ఆపలేదు.

"అంటే ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

"నేను మిమ్మల్ని అడిగింది నాలుగు రోజులు," అంది. "నాలుగు రోజులు. ఆరు నెలలు చదివింది మీరు."

"ఆయన అడిగాడని..."

"ఆయన అడిగితే మీరు చూడ్డమెందుకు? మీరు నమ్మరుగా. నమ్మనివాళ్ళు చూడకూడదు. చూస్తే సరిగ్గా చూడాలి."

అది న్యాయం. తేజేశ్వర్ మంచం అంచున కూర్చున్నాడు. ఆశ్రిత చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, "సో, ఆర్ వి గోయింగ్ హోమ్?" అని అడిగింది.

ఉజ్వల ఇంకో చొక్కా మడతకి తీసింది. ఆశ్రిత ఇయర్‌ఫోన్లు మళ్ళీ పెట్టేసుకుంది.

వాళ్ళు ఇప్పటికీ డ్రోహెడాలోనే ఉన్నారు. అనురాధ ఇంటికి రెండు వీధుల అవతల ఒక బెడ్‌రూము ఇల్లు, అద్దె పంతొమ్మిది వందలు. హాల్లో ఆశ్రిత పడుకుంటుంది కాబట్టి శనివారం సినిమాల్లేవు. సిటీవెస్ట్ ఫ్లాటు డిపాజిట్లో పెయింటు ఖర్చు పోగా ఎడ్వర్డ్ ఎనిమిది వందల యూరోలు తిరిగి ఇవ్వాలి. అవి ఇంకా రాలేదు.